ఏలూరు బావ, రెండు కిలోల కొర్రమట్ట, నాలుగు రోజుల చెరువులు

మొదటి రోజు, ముద్దపప్పు బతుకమ్మ

మా అక్కను ఏలూరు ఇచ్చి పద్దెనిమిదేండ్లు. ప్రతి దసరాకు బతుకమ్మ ఆడనీకి అక్క హన్మకొండ వస్తది, వెంట బావ, మా మేనల్లుడు. బావ మంచోడే గానీ మా దిక్కు వచ్చినంక ఏదో ఒకటి తక్కువ చేసి మాట్లాడకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఓసారి ఎండలు ఎక్కువ అంటడు, ఓసారి పులుసులో పులుపు లేదంటడు, ఈసారి మాత్రం నీళ్ళ మీద పడ్డడు.

పొద్దుగాల భద్రకాళి గుడికి పోయినం. దర్శనం ఐనంక చెరువు కట్ట మీద నడుస్తుంటే నేను ఊరికే ఉండక, చూడు బావా మీ కొల్లేరు ఒక్కటే కాదు మాకు గిక్కడ్నే సరస్సు ఉంది, ఇంక పాకాల ఉంది రామప్ప ఉంది లక్నవరం ఉంది అని లెక్క చెప్పిన. ఆయన నవ్విండు. "బామ్మర్దీ, అవి చెరువులయ్యా. సరస్సంటే దానంతటది పుట్టాలి. మా కొల్లేరు అటు కృష్ణమ్మ ఇటు గోదారమ్మ మధ్యలో పల్లంలో పుట్టింది, ఎవడూ గట్టు కట్టలేదు. మనిషి చెయ్యి పెట్టని సరస్సు మీ వరంగల్ చుట్టుపక్కల ఒక్కటి చూపించు, రెండు కిలోల కొర్రమేను నేను కొంటా."

కొర్రమేను అనుడు ఆయన భాష, మాకు కొర్రమట్ట. మొన్నటి రేటు తెల్సినోళ్ళకు ఇది చిన్న పందెం కాదని అర్థమైతది. నేను సరే అన్న. మా ఇంటామె నన్ను చూసిన చూపులోనే నేను ఓడిపోతనని రాసి ఉంది, ఐనా సరే అన్న.

భద్రకాళి చెరువుతోనే మొదలుపెడ్దామనుకుంటే అక్కడ్నే దొరికిపోయిన. 2024 చివర్ల పూడిక తీయనీకి చెరువు మొత్తం ఖాళీ చేసిన్రు కదా, నగరమోళ్ళం అందరం కట్ట మీద నిలబడి నల్లటి అడుగును ఫోన్లల్ల ఫోటోలు తీసుకున్నం, ఆ ఫోటో ఒకటి నేనే బావకు అప్పట్ల వాట్సాప్ చేసిన. ఆయన అదే తీసి నా ముందట పెట్టిండు. తూము ఎత్తితే ఖాళీ అయ్యేది సరస్సు ఎట్లా అవుద్దయ్యా అన్నడు. నాకు మాట రాలే.

సాయంత్రం వడ్డేపల్లి కట్ట మీదికి వాకింగుకు పోయినం. చదువుకునే రోజుల్ల నేను ఈ కట్ట మీద ఎన్ని గంటలు కూసున్ననో లెక్క లేదు. ఇది మా తాగునీళ్ళ చెరువు, దీనికి తోడు ధర్మసాగర్. ఇప్పుడు ఆ ధర్మసాగర్‌ల ఉన్నవి మా వాన నీళ్ళు మాత్రమే కాదు. ఏటూరునాగారం దిక్కు గంగారం దగ్గర గోదావరిల నీళ్ళు మోటర్లు పెట్టి ఎత్తి భీంఘన్‌పూర్, అక్కడ్నుంచి పులుకుర్తి, అక్కడ్నుంచి ధర్మసాగర్, మెట్లు ఎక్కినట్టు ఎక్కిస్తరు, దాన్నే దేవాదుల అంటరు. ఇది చెప్పంగనే బావ ఆగిండు. మా ఏలూరు కాలవలోనూ గోదారి నీళ్ళే, మీ నల్లాలోనూ గోదారేనా అని. మీకు కాలువల దానంతటది పారి వస్తది బావా, మాకు కరెంటు బిల్లు కట్టి పైకి మోసుకురావాలె, గంతే తేడా అన్న. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన ఎదురు చెప్పలే.

రెండో రోజు, నానబియ్యం బతుకమ్మ, పాకాల

ఆడోళ్ళు రామన్నరు, వాళ్ళకు తంగేడు పూలు గునుగు పూలు తెచ్చుకునే పని. నేను బావ అల్లుడు, ముగ్గురమే. నర్సంపేట దాకా రోడ్డు బాగనే ఉంది, రెండు పక్కల పత్తి, మక్క, మధ్యమధ్యల మిరప తోటలు. నర్సంపేటల మిర్చీలు కట్టించుకున్నం, అల్లుడు అన్నీ వాడే తిన్నడు.

పాకాల గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే నేను గెలిచే దాకా వచ్చింది ఇక్కడ్నే. చెరువు పరుచుకున్నది దగ్గర దగ్గర 30 చదరపు కిలోమీటర్లు, చుట్టూ అభయారణ్యం. కట్ట మీదికి ఎక్కినంక బావ చానా సేపు ఏం మాట్లాడలే. మూడు దిక్కుల గుట్టలు, అడవి నీళ్ళ దాకా దిగి వచ్చింది, అవతలి ఒడ్డు మబ్బులకు కలిసిపోయింది, ఎక్కడ్నో నెమలి అరుస్తుంది. మేం నిలబడ్డ కట్ట మీద కూడా పెద్ద పెద్ద చెట్లు, ఎనిమిది వందల ఏండ్ల మట్టి, గుట్టకు దీనికి తేడా తెలుస్తలేదు. "ఇది మాత్రం దేవుడు చేసిందే అయ్యుంటదిలే" అని ఆయన నోట్లకెళ్ళే వచ్చింది. నేను వెంటనే అల్లునికి చెప్పిన, మీ నాన్న మాట రికార్డ్ చెయ్యిరా అని. వాడు ఫోన్ తీసేలోపు బావ కట్ట లోపలి దిక్కు రెండడుగులు దిగి నీళ్ళ అంచుకు పేర్చిన రాళ్ళు చూసిండు. వరుసగా, అలలకు మట్టి కోసుకపోకుంట పేర్చిన రాళ్ళు. పైకెక్కి నా దిక్కు చూసి ఏం అనకుంట ఒక మిర్చీ అడిగిండు, లేవు అన్నీ నీ కొడుకే తిన్నడు అని చెప్పిన.

కాకతీయ గణపతిదేవుని కాలంల, 13వ శతాబ్దంల, జగదాల ముమ్మడి అనే ఆయన కట్టించిన చెరువు ఇది. ఆ రోజుల్ల చెరువు కట్టిస్తే కొడుకును కన్నంత పుణ్యం అనేటోళ్ళు, సప్త సంతానాలల్ల ఒకటి. పుణ్యం సంగతి ఎట్లున్నా లెక్క మాత్రం గట్టిగనే ఉండేది, చెరువు కట్టినోనికి దాని కింద పారే భూమిల కొంత మాన్యం రాసిచ్చేటోళ్ళు, దశబంధం అని. ఉట్టి భక్తితో ఇన్ని వేల చెరువులు లేవవు అని నాకైతే అనిపిస్తది.

తూము దగ్గర ఒక పెద్దమనిషి గొడుగు కర్ర ఆనిచ్చుకొని కూసున్నడు. ఏ ఊరు బిడ్డా అని ఆయనే పలకరించిండు. వాళ్ళ నాయన నీరటికాడంట. నీరటికాడు అంటే తూము ఎత్తి దించి ఏ పొలానికి ఎంత నీళ్ళో పంచేటోడు, కొస మడికి నీళ్ళు చేరకపోతే తిట్లు తినేటోడు కూడా ఆయనే. కాలువలకు కూడా పేర్లు చెప్పిండు, తుంగబంధం, జాలుబంధం అని, మనుషుల పేర్లు చెప్పినట్టే. బావకు ఎందుకో ఈయన మీద మస్తు గౌరవం కలిగింది. "అయ్యా, ఈ చెరువు చెడిపోకుండా ఇన్నాళ్ళు ఎలా ఉందండీ" అని అడిగిండు.

పెద్దమనిషి నవ్వి, "ఉంటదా సారూ ఊకెనే, చూసుకోవాలె. కట్టకు ఎండ్రకాయ బొక్క పెడ్తది, ఎలుక బొక్క పెడ్తది, చెట్టు చచ్చిపోతే వేరు కుళ్ళి దాని ఎంబడి నీళ్ళు దారి చేసుకుంటయ్. సన్నగ జాలు కనవడ్డనాడే మట్టి కుక్కాలె, రేపు చూద్దాం అంటే బుంగ పడి రేపటికి కట్ట ఉండది. చెరువు నిండినంక నీళ్ళు పొర్లి పోయే మత్తడి దిక్కు ముండ్ల కంప పెరగనియ్యొద్దు. వానకాలం రాత్రి పూట కట్ట మీద పండుకునేటోడు మా నాయన" అన్నడు. కట్టమైసమ్మకు కోడిని కోసుడు కూడా అందుకే అన్నడు, కనీసం ఏడాదికోసారన్న ఊరు ఊరంతా కట్ట ఎక్కి చూస్తది కదా అని. ఈ మాట నేను ఇంతకుముందు ఎక్కడా వినలే.

మత్తడి పారుతుంది కొద్దిగా. ఈ నీళ్ళు ఎటు పోతయ్ అని అల్లుడు అడిగిండు. ఇదే మున్నేరురా, పాకాల కాడ మొదలై మానుకోట (మహబూబాబాద్) జిల్లా మీదికెళ్ళి ఖమ్మం, ఆడికెళ్ళి పోయి కృష్ణల కలుస్తది అని చెప్పిన. మనది గోదావరి జిల్లా అని మేం ఎంత అనుకున్నా పాకాల నీళ్ళు మాత్రం కృష్ణకే పోతయ్, రామప్ప లక్నవరం నీళ్ళు గోదావరికి పోతయ్, నడుమ ఎక్కడ్నో కండ్లకు కనవడని ఒక మిట్ట ఉంది అన్నట్టు. బావ ముఖం మారింది. "బెజవాడ హైవే మీద కీసర దగ్గర మేం దాటే మున్నేరు ఇదేనా?" ఇదే. 2024 సెప్టెంబర్ మొదట్ల ఖమ్మాన్ని ముంచింది కూడా ఇదే, అవే రోజుల్ల బెజవాడను ముంచిన బుడమేరు పోయి కలిసేది ఆయన కొల్లేరులనే. ఇద్దరం కొంచెం సేపు ఆ వరద ముచ్చట్లే చెప్పుకున్నం, పందెం యాదికి రాలే.

మూడో రోజు, అట్ల బతుకమ్మ, రామప్ప, లక్నవరం

పొద్దున అయిదింటికే బయలెల్లినం. ములుగు దాటి జంగాలపల్లి కాడ ఎడమ దిక్కు తిరిగి పాలంపేట. రామప్ప గుడి గురించి అందరికి తెల్సిందే, 1213ల రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, నీళ్ళల్ల తేలే ఇటుకలు, ఇసుక నింపిన పునాది, గైడ్ అన్నీ చెప్పిండు, నేను మళ్ళా చెప్ప. నాకు ఎప్పుడూ అనిపించేది ఏందంటే వచ్చినోళ్ళల్ల సగం మంది గుడి చూసి అటే పోతరు, కిలోమీటర్ దూరంల ఉన్న చెరువు దిక్కు పోరు. అదే మనుషులు అదే కాలంల చేసిన పని ఇది కూడా. ఇన్నేండ్లల్ల గుడికి ఎన్ని మరమ్మతులు పడ్డయో గానీ చెరువు మాత్రం ఇయ్యాల్టికి పొలాలు పారిస్తనే ఉంది. ఇప్పుడు దీంట్లకు కూడా దేవాదుల నీళ్ళు కలుపుతున్నరు, ఇక్కడ్నుంచి ధర్మసాగర్ దిక్కు దగ్గర దగ్గర 50 కిలోమీటర్ల సొరంగం తవ్విన్రు. కాకతీయులు వాన పడ్డ కాడ ఆపిన్రు, మనం నదిని తెచ్చి వాళ్ళ గిన్నెల పోస్తున్నం.

రామప్ప కాడ బావ అడగకముందే నేనే ఒప్పుకున్న, ఇది కూడా కట్టిందే, ముందుకు పోదాం అని.

లక్నవరం పోయేసరికి పదకొండు. సెలవులు కదా జనం జాతర లెక్కనే ఉన్నరు. వేలాడే బ్రిడ్జి మీద అడుగు తీసి అడుగు వేస్తే ఎవలో ఒకళ్ళ సెల్ఫీల పడ్తున్నం. బోటు టికెట్ తీసుకొని రెండు గంటలు లైన్ల నిలబడ్డం, మా వంతు వచ్చేసరికి లంచ్ బ్రేక్ అన్నరు. అల్లుడు ఇంక అలిగి ఫోన్ల పడ్డడు. ఆకలికి ఒక హోటల్ల తిన్న చేపల ఫ్రై గురించి మాట్లాడకపోవుడే మంచిది, చెరువు ఒడ్డున కూసొని ఐసుల పెట్టిన చేప తినుడు అంటే ఎట్లుంటదో ఊహించుకోండ్రి.

కానీ బోటు ఎక్కినంక అన్నీ మర్చిపోయినం. లక్నవరం కట్టిన తీరు వేరే. ఇక్కడ పాకాల లెక్క పొడుగు కట్ట లేదు. చుట్టూ గుట్టలే ఉన్నయ్, వాటి నడుమ మూడు సన్న సందులు ఉంటే ఆ మూడు సందులకు చిన్న కట్టలు పోసి మూసిన్రు, అంతే, లోపలంతా నీళ్ళు నిండి గుట్టల తలకాయలు దీవులై తేలినయ్. పదమూడు దీవులంటరు. ఎవడు ఎక్కడ నిలబడి చూసి ఈ మూడు సందులు మూస్తే చాలని పసిగట్టిండో, మ్యాపు లేదు డ్రోన్ లేదు.

నా వాదన ఇక్కడ్నే మొదలుపెట్టిన. బావా, ఒక గిన్నెకు మూడు చిల్లులున్నయ్ అనుకో, చిల్లులు మూసినోడు గిన్నెను చేసినట్టా? గిన్నె దేవుడు చేసిండు, మావోళ్ళు మాట్లు వేసిన్రు. కాబట్టి ఇది తొంభై పైసలు సహజ సరస్సే. బావ పడీ పడీ నవ్విండు. "చిల్లు గిన్నెలో నీళ్ళుంటాయా బామ్మర్దీ? నిలబడ్డ నీళ్ళే కదా సరస్సు, గిన్నె కాదుగా." బోటు నడిపే పిల్లగాడు కూడా ఆయన దిక్కే మాట్లాడిండు, వానికి టిప్ ఇయ్యొద్దనుకున్న గానీ ఇచ్చిన.

రాత్రి రూం దొరకక గోవిందరావుపేట దిక్కు తెల్సినోళ్ళింట్ల పండుకున్నం. డాబా మీద మంచాలేసుకుంటే ఆకాశం నిండ చుక్కలు. అల్లుడు అడిగిండు, మామయ్యా అసలు మీకు న్యాచురల్ లేక్ ఎందుకు లేదు అని. నాకు తెల్సింది చెప్పిన. నీళ్ళు నిలబడాలంటే పల్లం కావాలె, ఆ పల్లానికి బయటికి దారి ఉండొద్దు. హిమాలయాలల్ల మంచు గడ్డలు జారుకుంట నేలను తొలిచి పల్లాలు చేసినయ్. మహారాష్ట్రల లోనార్ కాడ ఆకాశం నుంచి ఉల్క పడి గుంత ఐంది. కొల్లేరు కాడ రెండు నదులు మట్టి తెచ్చి డెల్టాలు పోసుకుంట పోతే నడుమ పల్లం మిగిలింది, పులికాట్ ఐతే సముద్రం పక్కన ఇసుక మేట అడ్డం పడి నిలిచిన ఉప్పు నీళ్ళు. మా నేల అట్ల కాదు, చానా పాత రాతి నేల. కోట్ల ఏండ్ల సంది వాన కొట్టీ కొట్టీ ప్రతి వాగు తనకు బయటికి దారి ఎప్పుడో చేసుకుంది, పడ్డ చుక్క పడ్డట్టే జారిపోతది. పైగా నాలుగు నెలలే వాన, కింద రాయి కాబట్టి నీళ్ళు నేలల ఇంకుడు కూడా తక్కువ. ఆపుకుంటేనే నీళ్ళు, లేకుంటే లేవు. అందుకే ఒక చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువుల పడేటట్టు గొలుసు కట్టిన్రు. మిషన్ కాకతీయ 2015ల మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంల లెక్క తేలిన చెరువులు కుంటలు 46 వేల పైన. పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లు పెట్టుకొని ఆ మట్టిని పొలాలల్ల పోసుకున్నరు, నల్లటి చెరువు మట్టి పోస్తే ఆ చేను కళే వేరు.

బావ చానా సేపటిదాకా మాట్లాడలే, పండుకున్నడు అనుకున్న. తర్వాత మెల్లగ అన్నడు. "మా కొల్లేరు గురించి గొప్పగా చెప్తాను గానీ బామ్మర్దీ, ఇప్పుడు వెళ్ళి చూస్తే నీకు నీళ్ళకన్నా గట్లే ఎక్కువ కనపడతాయి." వాళ్ళ పెదనాన్న వాళ్ళది కూడా ఒకప్పుడు లోపల చేపల చెరువు ఉండేదంట. 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని 1999ల ప్రకటించిన్రు, 2002ల ప్రపంచంల ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ లిస్టుల చేర్చిన్రు, ఐనా చెరువులు తవ్వుడు ఆగలే. 2006ల ప్రభుత్వం ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి గట్లన్నీ పేల్చేసింది. వాళ్ళ గట్టు కూడా పోయిందంట. ఆ రోజు పెదనాన్న అన్నం తినలేదు, నేను మాత్రం ఎడమ కన్నుతో ఏడ్చి కుడి కన్నుతో నవ్వుకున్నా అన్నడు, చిన్నప్పుడు దోనెల మీద పోయినప్పుడు చూసిన పక్షులు యాదికొచ్చి. తర్వాత మెల్లమెల్లగ మళ్ళీ గట్లు లేచినయ్ అని కూడా ఆయనే చెప్పిండు. కొల్లేరుల నీళ్ళు బయటికి పోనీకి ఉప్పుటేరు ఒక్కటే దారి, అది కూడా పూడుకుంట వస్తుంది, దానికి నీరటికాడు ఎవడూ లేడయ్యా అన్నడు. నేను దీనికి ఏం జవాబు చెప్పలే, దోమలు కుడ్తున్నయ్ అని దుప్పటి కప్పుకున్న.

నాలుగో రోజు, అలిగిన బతుకమ్మ, బొగత

ఇదే నా ఆఖరి ఛాన్స్. పస్రా దాటి తాడ్వాయి అడవిల పోతుంటే కూలిన చెట్లు చూపించిన. 2024 ఆగస్టు 31న గాలివానకు ఈ అడవిల వేల చెట్లు ఒక్కసారే పడిపోయినయ్, పేపర్లల్ల వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 4న ఇదే ములుగు జిల్లాల 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, హన్మకొండల మా ఇంట్ల గిన్నెలు గలగలమన్నయ్. బావ అన్నడు, "ఇంకొంచెం గట్టిగా వచ్చుంటే నేల కుంగి నీకో సహజ సరస్సు పుట్టేది, పందెం గెలిచేవాడివి." అల్లునికి ఈ జోకు మస్తు నచ్చింది, రోజంతా అదే.

ముల్లకట్ట బ్రిడ్జి మీద బండి ఆపి గోదావరి చూసినం. నిండుగా, ఎర్రగా, సప్పుడు లేకుంట పోతుంది. ఒడ్డు దిక్కు ఇసుక లారీలు. వాజేడు దిక్కు తిరిగి బొగత చేరేసరికి పన్నెండు. నీళ్ళు గట్టిగనే దుంకుతున్నయ్, తుంపర ముఖం మీద పడ్తుంటే రెండు రోజుల అలసట పోయింది. జలపాతం కింద గుండం ఉంది కదా, నేను దాన్ని చూపెట్టిన. చూడు బావా, కట్ట లేదు తూము లేదు, నీళ్ళు దుంకి దుంకి రాయిని తొలుచుకొని అవే నిలబడ్డయ్. ఇది సహజమా కాదా?

ఆయన గడ్డం గోక్కున్నడు. సహజమే. కానీ గుండాన్ని సరస్సంటే మా ఇంటి వెనక బావిని సముద్రం అనాలి అన్నడు. సైజు గురించి పందెంల మాట లేదు అని నేను. సరస్సు అన్నాక సైజు ఉంటదని ఆయన. అక్కడున్న అటవీశాఖ గార్డును అడిగినం, సార్ మీరు ముందు ఆ బారికేడ్ ఇవతలికి రాండ్రి అన్నడు.

వాపస్ వస్తూ మేడారం దిక్కు మళ్ళినం. జాతర లేనప్పుడు మేడారం చానా నిమ్మళంగ ఉంటది, గద్దెల కాడ పది మంది కూడా లేరు. జంపన్న వాగుల కాళ్ళు కడుక్కుంట అల్లునికి కథ చెప్పిన. కరువుల కప్పం కట్టమంటే కట్టలేమని చెప్పినందుకు కాకతీయ సైన్యం ఇక్కడి కోయోళ్ళ మీదికి వచ్చింది, సమ్మక్క కొడుకు జంపన్న ఈ వాగులనే దుంకిండు, సమ్మక్క చిలుకలగుట్టకు పోయి కనపడకుంట పోయింది. మూడు రోజుల సంది కాకతీయులు గొప్పోళ్ళు అని వింటున్న పిల్లగాడు అయోమయంల పడ్డడు. మరి అన్ని చెరువులు కట్టినోళ్ళు వీళ్ళకు ఒక్క చెరువు ఎందుకు కట్టలేదు మామయ్యా? నేను బావ దిక్కు చూసిన, ఆయన నా దిక్కు చూసిండు. ఇద్దరికి తెల్వదు.

ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. ఇయ్యాల అలిగిన బతుకమ్మ, పేర్చుడు ఆడుడు ఏం ఉండది కాబట్టి ఆడోళ్ళు తీరిగ్గా వాకిట్ల కూసున్నరు. బావ, నేను ఇద్దరం ఒక్కసారే అక్కకు కేసు చెప్పుకున్నం, నేను బొగత గుండం ఫోటో చూపెట్టిన, ఆయన చేతులు చాపి కొల్లేరు ఎంత ఉంటదో చూపెట్టిండు. అక్క ఇద్దరి మాట సగం కూడా వినలే.

"పొద్దుగాల ఫోన్ల కొర్రమట్ట తెస్తం అన్నరని చింతపండు నానబెట్టి కూసున్న. ఎవలు ఓడిపోయిన్రో దోవల మాట్లాడుకోండ్రి, మార్కెట్ తొమ్మిదింటికి బంద్ ఐతది."

బావ చెప్పులు ఇడ్వకుంటనే వెనక్కి తిరిగిండు. నేను బండి తాళం తీసిన. మార్కెట్ల కొర్రమట్ట ఐపోయింది, బొచ్చె ఉంది, పైసలు సగం సగం ఇచ్చుకున్నం. ఏ చెరువు చేప అని బావ అడిగితే అమ్మే ఆమె చేప తలకాయ పట్టుకొని చూసి, ఆంధ్ర నుంచి లోడ్ వచ్చింది అన్నా, కొల్లేరు దిక్కుది అన్నది.